మూడుతోనూ ఏడుతోనూ ముగిసేవి

ఐదు వేల మూడుతో పోలేదు. రెండు వందల ఇరవై మూడు మిగిలింది. ఆ మిగిలినదాన్ని టోకెన్ చీటీ వెనక చిన్న అంకెల్లో వేసుకుని, దాని చుట్టూ గడి కట్టబోయి ఆగింది. జవాబు చుట్టూ గడి కట్టొద్దని ఇరవై రెండేళ్లుగా పిల్లలకి చెబుతోంది. జవాబు తప్పయితే ఆ గడి తప్పుకి కాపలా కాస్తుంది. ఇక ఐదు వేల ఇరవై మూడు. మధ్యలో తొమ్మిదితో ముగిసే ప్రధాన సంఖ్య ఒకటి, ఒకటితో ముగిసేవి రెండు ఉన్నాయి కానీ అవి వాళ్లాయన వంతు కావు. వాటితో ఆమెకి పని లేదు. అద్దం కిటికీ వెనక రికార్డుల గుమాస్తా రబ్బరు ముద్రని సిరా గుడ్డ మీద అద్ది, కాగితం మీద కొట్టి, మళ్లీ అద్దుతున్నాడు. "గంట పడుతుందమ్మా," అన్నాడు ఆమె రాగానే, తలెత్తకుండా. "ఎనిమిది నెలల కిందటివంటే కింది గదిలో ఉంటాయి. మనిషి వెళ్లి వెతికి తేవాలి. కూర్చోండి." కూర్చుంది. ఇనుప కుర్చీలు ఒకే కమ్మీకి బిగించినవి, అటు చివర ఎవరు లేచినా ఇటు చివర ఒళ్లు కదులుతుంది. ఈ ఆసుపత్రిలో ఆమెకి తెలియని గది ఇదొక్కటే. ఆ ఫైల్లో డాక్టర్లు రాసిన కాగితాలేవీ ఆమెకి అక్కర్లేదు. చేర్పించిన రోజు నింపిన ఫారం కావాలి. రెండు కాగితాలు. వాటిలో ఒక ప్రశ్న ఎవరి చేతిరాత మధ్య ఖాళీగా ఉండిపోయిందో చూడాలి. చూసి, నకలు తీయించి, ఆయన ముందు పెట్టాలి. మాట కూడా అక్కర్లేదు. పెట్టి వచ్చేయాలి.

ఐదు వేల ఇరవై మూడుతో భాగిస్తే రెండు వేల ఎనభై ఎనిమిది మిగిలింది. భాగించాల్సిన నంబరు చూసుకోనక్కర్లేదు, పుట్టినరోజులా నోటికొచ్చు. పదకొండు కోట్ల ఎనభై తొమ్మిది లక్షల వెయ్యిన్ని ఐదు వందల ఇరవై ఒకటి. పాప మణికట్టుకి కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద మాత్రం అది మూడేసి అంకెలుగా ఉండేది: నూట పద్దెనిమిది, తొమ్మిది వందల ఒకటి, ఐదు వందల ఇరవై ఒకటి. ఒళ్లు కాలిపోతున్నా పాప దాన్నే చూస్తూ పడుకుంది. పదమూడేళ్లది. ఇంట్లో దాని పేరు శేషం. పుట్టిన రోజునే వాళ్ల నాన్న పెట్టాడు, మనిద్దరినీ ఒకరితో ఒకరు భాగిస్తే మిగిలింది ఇదే అని. ఆ పేరు వద్దు, పెద్దయ్యాక పిల్లలు ఏడిపిస్తారని ఆమె అంది. పాప మాత్రం పుస్తకాల మీద కూడా అదే రాసుకునేది. ఎనిమిది నెలలుగా క్లాసులో ఆమె ఆ మాట అనడం లేదు. భాగించండి, ఎంత మిగిలిందో చెప్పండి, అంటోంది. మొదటి వరసలో కూర్చునే జడల పిల్ల ఒకరోజు లేచి, "మిగిలింది అంటే శేషమే కదా టీచర్, పరీక్షలో ఏం రాయాలి?" అంది. పుస్తకంలో ఏముంటే అది రాయండి, అని నల్లబల్ల వైపు తిరిగింది. తిరిగాక రాయడానికి ఏమీ లేదు. రాసి ఉన్నదాన్నే మరోసారి దిద్దింది.

"అమ్మా, నా నంబరు ప్రధాన సంఖ్యేమో చూడరాదూ," అని పాప అడిగింది మొదటి రోజు సాయంత్రం, సెలైన్ చేతిని కడుపు మీద పెట్టుకుని. "ఇద్దరూ చూడండి. ఫోన్ ముట్టుకుంటే ఓడినట్టే. అడ్డదారులు కూడా లేవు. భాగహారం చెయ్యాలి, మిగిలింది రాయాలి." రెండు, మూడు, ఐదు, ఏడు లాంటి చిన్నవి తానే తేల్చేసింది. మూడేసి అంకెల ముక్కల్ని కలిపీ తీసీ, ఏడుతో పోదు, పదకొండుతో పోదు, పదమూడుతో పోదు అని వేళ్లు మడిచింది. వెయ్యి దాకా మీరు, ఆ పైన నేను చూసుకుంటా, నా దగ్గర వేరే మంత్రం ఉంది, అంది. వంతులు వేయనక్కర్లేకపోయింది. మూడుతోనూ ఏడుతోనూ ముగిసేవి నాన్నవి, ఒకటితోనూ తొమ్మిదితోనూ ముగిసేవి అమ్మవి. పెళ్లికి ముందు నుంచీ అదే పంపకం. ఒకే బడిలో కొత్తగా చేరిన రోజుల్లో బస్సు టికెట్ల మీది నంబర్లతో మొదలైంది. తర్వాత బడులు వేరయ్యాయి, ఇల్లు ఒకటైంది, పంపకం ఇంట్లోకి వచ్చింది. కుళాయిలు ఆయనవి, బల్బులు ఆమెవి. పొద్దున జడ ఆమె వేస్తే సాయంత్రం చిక్కు ఆయన తీస్తాడు. రెండు పేజీల దరఖాస్తు వస్తే చెరో పేజీ. సగం సగం చేసుకుంటే పని సగంలో అయిపోతుందని ఇద్దరూ గర్వపడేవారు. చుట్టాలు నవ్వేవారు, మీరిద్దరూ కలిసి ఒక మనిషి కదూ, అని. కలిసి ఒక మనిషయితే బాగానే ఉండేది. ఆ మనిషికి మధ్యలో ఒక అతుకు ఉంది. అక్కడ ఎవరూ చూడరు, రెండోవాళ్లు చూశారనుకుంటారు.

"నాన్నకి ఎనభై ఐదు, అమ్మకి డెబ్బై ఏడే. ఇదేం న్యాయం?" అన్నాడు ఆయన లెక్క చూసి. "వెయ్యి లోపల ఎన్నుంటే అన్నే కదా నాన్నా, ఏడుతో ముగిసేవి ఎక్కువైతే నా తప్పా," అంది పాప. నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

పక్క కుర్చీలో మనిషి ఎప్పట్నుంచి చూస్తున్నాడో, మెడ చాచాడు. చేతిలో కారు తాళం తిప్పుకుంటున్నాడు, చొక్కా జేబు మీద కిరాయి కార్ల సంఘం బిళ్ల ఉంది.

"లాటరీ నంబరా అమ్మా?"

"కాదు."

"నేనూ ఆడేవాణ్ణి లెండి. ఇలాగే తెగ రాసేవాణ్ణి. మా ఆవిడ పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టింది." ఆమె అంకెలు వేసుకుంటూనే ఉంటే గొంతు తగ్గించాడు. "మరేం లెక్కమ్మా అది, అంత పొడుగు?"

"ఒక సంఖ్య ఎవరితోనైనా పోతుందేమో చూస్తున్నాను."

"పోతే?"

"పోతే ఎవరు చూడకుండా వదిలేశారో తెలుస్తుంది."

డ్రైవరు తాళం తిప్పడం ఆపి, ఆలోచించినట్టు తల పంకించి, "అబ్బో, అయితే ఆఫీసు గొడవే," అని ఇంకో కుర్చీలోకి జరిగాడు. వరసంతా ఊగింది. ఏడు అనే అంకె కాలు వంకరపోయింది. దాన్ని చెరిపి మళ్లీ వేసింది. ఐదు వేల డెబ్బై ఏడు.

ఆఫీసు గొడవే. ఫారం కూడా ఆఫీసు కాగితమే. పాపకి నాలుగేళ్లప్పుడు ఒక సూది మందు పడలేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి ఈల వేసింది, రెండు గంటలు ఇద్దరి ప్రాణాలూ లోపలికి పోలేదు బయటికి రాలేదు. అప్పటి డాక్టరు ఆ మందు పేరు చీటీ మీద పెద్దక్షరాలతో రాసి, ఎక్కడికెళ్లినా ముందు ఇది చెప్పండి, తర్వాతే మిగతావి, అన్నాడు. ఆ చీటీ బీరువా తలుపు లోపల అతికించి ఉండేది, ఇప్పటికీ ఉంది. తొమ్మిదేళ్లలో అవసరం రాలేదు. చేర్పించిన రోజు కౌంటర్ దగ్గర అమ్మాయి రెండు కాగితాలు తోస్తే ఆయన ఒకటి తీసుకున్నాడు, ఆమె ఒకటి తీసుకుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. చేతులు వాటంతటవే పంచుకున్నాయి. పాప తల ఆమె భుజం మీద ఉంది, నిప్పులా. ఇంటి చిరునామా రాసిందా? బడి పేరు రాసింది, అది గుర్తుంది. వేయించిన టీకాలు రాసింది. మధ్యలో పెన్ను ఆగిపోతే విదిలించింది, గోడ మీద చుక్కలు పడ్డాయి. అంతలో పాపని బరువు చూడాలి రమ్మన్నారు. తీసుకెళ్లింది, వచ్చింది, ఎవరిదో పెన్ను అడిగి మిగతాది రాసింది. పడని మందుల ప్రశ్న ఆమె కాగితంలో లేదు. ఉంటే రాసేది. రాయకుండా ఎలా ఉంటుంది? తప్పులు దిద్దడమే వృత్తిగా బతికిన మనిషి. కాబట్టి అది ఆయన కాగితంలో ఉంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె తేల్చిన లెక్కల్లో ఇంత తిన్నగా వచ్చినది ఇంకోటి లేదు.

మూడో రోజు మధ్యాహ్నం సూది వేశారు, ఆ మందే. పావుగంట పట్టింది.

ఆ మాట ఆమె ఆయన్ని ఇంట్లో పరామర్శకి వచ్చిన నలుగురి ఎదుటా అడిగింది. అక్క ఉంది, బావగారున్నారు, హెడ్మాస్టరు గారు అప్పుడే వచ్చి కూర్చున్నారు. "మీ కాగితంలోనే కదా ఆ ప్రశ్న. ఎందుకు రాయలేదు?" ఆయన తల దించుకున్నాడు. కాదనలేదు, అవుననలేదు. గ్లాసు నీళ్లు పట్టుకుని అలాగే ఉన్నాడు, తాగలేదు, కింద పెట్టలేదు. ఆ మౌనాన్ని ఆమె ఒప్పుకోలు కింద జమకట్టింది. తర్వాత కూడా అడిగింది, గిన్నెలు కడుగుతూ, తాళం వేస్తూ, ఏమీ లేనప్పుడు. అడిగిన ప్రతిసారీ అదే మౌనం. రెండో నెలలో ఆయన నాలుగు చొక్కాలు సంచిలో పెట్టుకుని వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు కుళాయిల వాషర్లన్నీ మార్చాడు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా, "మగవాళ్లకి మతిమరుపు సహజమే, క్షమించెయ్యవే," అంటుంది, పాలు పొంగబెట్టిన మనిషి గురించి చెప్పినట్టు. స్టాఫ్ రూములో సైన్సు మేడం, "నీకు లెక్కలున్నాయి కదా, మనసు మళ్లుతుంది," అంది. మళ్లింది. ఆ రాత్రే మొదలుపెట్టింది.

ఆయన అన్నిట్లోనూ తొందర మనిషి. ఫారంలో వదిలిన మనిషి భాగహారంలో వదలడా? మూడుతో ముగిసేవి, ఏడుతో ముగిసేవి, ఒక్కొక్కటే తీసి ఆ నంబరుని మళ్లీ భాగించింది. పదిహేడు. ఇరవై మూడు. ముప్పై ఏడు. బడి నుంచి రాగానే ఓ రెండు, తిన్నాక ఒకటి. వెయ్యి దాకా ఆయన రాసిన ప్రతి మిగులూ సరిపోయింది. ఒక్కటి కూడా తేడా రాలేదు. కోపమొచ్చింది. వెయ్యి దాటాక ఆయన వంతని ఎవరూ చెప్పలేదు, కానీ మూడుతో ముగిస్తే అది ఆయనదే. రెండు వేలు దాటింది, మూడు వేలు, నాలుగు వేలు. ఎక్కడో ఒకచోట పోవాలి. పోతే నోట్‌బుక్ తీసుకెళ్లి చూపించొచ్చు, ఇదిగో, ఇక్కడ కూడా, అని. ఆ నోట్‌బుక్ ఇప్పుడూ సంచిలో ఉంది. నీలం అట్టది, పాపది. అందులో సగం పాప మంత్రమే: రెండుని తనతో తాను హెచ్చించి, నంబరుతో భాగించి, మిగిలినదాన్ని మళ్లీ హెచ్చించి, ఇరవై ఏడు మెట్లు. రెండో రోజు జ్వరం కాస్త దిగితే పొద్దుటి నుంచీ అదే పని. చివరి మెట్టులో ఒకటి మిగిలింది. "ఒకటే మిగిలిందమ్మా! ఇక ప్రధాన సంఖ్యే!" అని మంచం మీద కూర్చుంది. ఆ పరీక్షని మోసం చేసే సంఖ్యలు ఉంటాయని ఆమెకి తెలుసు. దానితో ఎంత వెతికినా బయటపడవు, రెండుతో చేసినా మూడుతో చేసినా ఒకటే మిగిల్చి, లోపల మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంటాయి. చాలా అరుదు. అంత అరుదైనది వచ్చి ఒక పిల్ల చేతికే చుట్టుకుంటుందా? ఆ రోజు రక్త పరీక్ష కాగితాలు కూడా వచ్చాయి. అన్నీ మామూలే అన్నారు.

"అమ్మా, నీ వంతు అయిందా?"

"అయింది."

"ఏదీ పోలేదా?"

"ఏదీ పోలేదు, పడుకో."

పాప పడుకోలేదు. బీపీ చూడటానికొచ్చిన నర్సుకి చెయ్యి చూపించి, "సిస్టర్, నా నంబరు ఎవరితోనూ పోదు తెలుసా," అంది. "పోదులేవే, ఎవరి మాటా వినని పిల్లవని నీ నంబరే చెబుతోంది," అంది నర్సు. ఆ సాయంత్రం వార్డులో ఊడ్చే ఆమె దాకా అందరికీ తెలిసింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ. నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో సగమే వచ్చిందని ఇప్పుడు గుర్తొస్తోంది. సగమే. అలిసిపోయి ఉంటాడు.

ఐదు వేల డెబ్బై ఏడుతో మూడు వేల రెండు వందల యాభై ఎనిమిది మిగిలింది.

"పదిహేడో నంబరు! పదిహేడు ఎవరమ్మా?"

ఆమె లేచింది. వరస ఊగింది. గుమాస్తా కిటికీ కన్నంలోంచి ఫైల్ తోశాడు. అట్ట మీద నాడా కట్టి, సన్నటి తెల్ల కాగితం అతికించి ఉంది. కాగితం వెడల్పు చాలక యంత్రం నంబరుని రెండు వరసలుగా విరిచి అచ్చేసింది. పైన వెయ్యిన్నూట ఎనభై తొమ్మిది. కింద సున్నాతో మొదలై, వెయ్యిన్ని ఐదు వందల ఇరవై ఒకటి. ఒకదాని కింద ఒకటి, కుడి అంచు సమంగా. కూడిక వేయమని నల్లబల్ల మీద రాసిపెట్టినట్టు.

వేసింది. వేయాలనుకోలేదు, కళ్లు వేసేశాయి. రెండు వేల ఏడు వందల పది.

ఏటా ఎనిమిదో తరగతికి చెప్పే పాఠం. లక్షని రెండు వందల డెబ్బై ఒకటితో భాగించండి, సరిగ్గా ఒకటి మిగులుతుంది. కాబట్టి పిల్లలూ, ఎంత పెద్ద సంఖ్యయినా సరే, లక్షల్ని విడదీసి కింద ఉన్నదానికి కలిపేయండి. ఆ మొత్తం పోతే అసలుదీ పోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. గారడీ చూసినట్టు. పదకొండు వందల ఎనభై తొమ్మిది లక్షలు. పట్టీ మీద మూడేసి అంకెలుగా ఉండబట్టి కనపడలేదు. అడ్డదారులు వద్దని పాప అనబట్టి చూడలేదు. రెండు వేల ఏడు వందల పది, రెండు వందల డెబ్బై ఒకటికి పదింతలు. ఏమీ మిగల్లేదు. రెండు వందల డెబ్బై ఒకటి. ఒకటితో ముగిసేది.

సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. ఎనిమిది నెలలుగా ఆ నోట్‌బుక్‌లో ఆమె తెరవని పేజీ ఒకటే, తన వంతు పేజీ. తెరవాల్సిన పని లేదనుకుంది. పందొమ్మిది, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ఒకదాని కింద ఒకటి, గుండ్రటి అంకెలు. రెండు వందల అరవై తొమ్మిది: మిగిలింది ఇరవై నాలుగు. ఆ కింద ఏమీ లేదు. ఆ కింద పేజీ సగం తెల్లగా ఉంది. దాని అడుగున పాప చేతిరాతలో, అమ్మ వంతు పూర్తి, అని ఉంది, పక్కన ఒక నక్షత్రం. అప్పుడు సెలైన్ అయిపోయింది, నర్సుని పిలవడానికి లేచింది. తిరిగొచ్చాక పాప అడిగింది. అయింది, అంది. పిల్ల ఆటే కదా, అనుకుంది. అనుకుందా? ఆ మాట అన్నది కూడా తను కాదన్నట్టు ఇన్నాళ్లూ ఎక్కడ దాచింది?

ఫోన్ తీసింది. రెండో రింగుకే ఎత్తాడు. వెనక పిల్లల గోల, బడిలో ఉన్నాడు.

"నేను."

"చెప్పు."

"రెండు వందల డెబ్బై ఒకటి."

గోల దూరమైంది. వరండాలోకి వచ్చినట్టున్నాడు. "ఊఁ," అన్నాడు. "ఐదు వందల నలభై ఒకటి, ఎనిమిది వందల పదకొండు కూడా. మూడూ కలిస్తే అదే."

మూడూ ఒకటితో ముగిసేవే. మూడూ ఆమెవే.

"ఎప్పుడు చూశారు?"

"ఆ సాయంత్రమే. నావి అయిపోయాయి, ఊరికే కూర్చోలేక నీవి పట్టుకున్నాను."

"చెప్పలేదేం?"

"చెబ్దామనే వచ్చాను. అప్పటికే అది నర్సుకి చెప్పేసుకుంది. మొహం చూశావుగా దానిది."

"మరి తర్వాత? నాకు?"

జవాబు లేదు. ఎనిమిది నెలలుగా ఉన్న ఆ మౌనమే. దాన్ని ఆమె ఇవాళ మొదటిసారి వింది. ఒప్పుకున్న మనిషి మౌనం కాదు అది. కాగితం ఎవరిదో తెలిసినవాడి మౌనం. నలుగురి ఎదుటా తల దించుకున్నది అందుకు. నీళ్లు తాగనిది అందుకు. ఎంత దయ! ఆమె గొంతులో అది కుంకుడు రసంలా దిగింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. నీదే ఆ కాగితం అని ఒక్కసారి అరిచి ఉంటే ఆ ఒక్క మాటని ద్వేషిస్తూ బతికేది. ఆ పాటి ఆసరా కూడా ఇవ్వలేదు.

"ఎక్కడున్నావు?" అన్నాడు.

చెప్పింది.

"ఫైల్ ఇచ్చేశారా?"

"చేతిలో ఉంది."

"విప్పకు," అన్నాడు. గొంతు మారిపోయింది. "నా మాట విను. అలాగే పట్టుకుని బయటికి రా. నేను బయల్దేరుతున్నాను. విప్పకు."

"అమ్మా," అన్నాడు గుమాస్తా, రిజిస్టరు తిప్పి పెడుతూ. "కాగితాలు లెక్కపెట్టుకుని సంతకం చెయ్యాలి. అరవై ఒకటి ఉండాలి. తర్వాత ఒకటి తక్కువైందంటే నా పీకల మీదికొస్తుంది. పైకి లెక్కపెట్టండి, నేనూ వింటాను."

ఆమె ఫోన్‌ని సిరా గుడ్డ పక్కన పెట్టింది, ఆపకుండానే. నాడా ముడి గట్టిగా ఉంది, గోరుతో తీసింది.

"ఒకటి," అంది. కొక్కిరిబిక్కిరి రాత, పక్కకి వాలిన అక్షరాలు. తొందర మనిషి రాత. మొదటి నుంచి చివరి దాకా ప్రతి ప్రశ్నకీ ఆ రాత ఉంది.

"రెండు," అంది. గుండ్రటి రాత. బడిలో పిల్లలందరూ చూసి రాసుకోవాలనుకునే రాత. పదమూడో ప్రశ్నకి జవాబు ఉంది. పదిహేనో ప్రశ్నకి జవాబు ఉంది, ఇంకో సిరాతో.

"మూడు," అంది.

గుమాస్తా వేలితో బల్ల మీద కొట్టుకుంటూ వింటున్నాడు. ఆమె ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు. ఒక్కో కాగితం మూల పట్టి తిప్పుతూ, వెనక బెంచీ పిల్లలకి కూడా వినిపించే గొంతుతో, అరవై ఒకటి దాకా చెప్పింది.

"సరిపోయాయా అమ్మా?"

"సరిపోయాయి."

సంతకం చేసింది. సిరా గుడ్డ పక్కన ఫోన్ అద్దం మీద సెకన్లు ఒకటొకటిగా పెరుగుతున్నాయి. అవతల ఆయన ఇంకా ఉన్నాడు. లెక్కంతా విన్నాడు.